వెలిగారం, ఉప్పు, చేప జన

అమ్మ వచ్చిన నాలుగో రోజు పొద్దున్నే ఫ్రిజ్ తెరిచింది. కింద అరలో పేపర్ టవళ్ళలో చుట్టి పెట్టిన చేప గుడ్ల పొట్లం తీసి విప్పి చూసింది.

"ఇదేంటే అమ్మడూ, ఇంత జన పెట్టుకుని నాకు చెప్పనేలేదు! ఉండు, కడిగి ఉప్పూ పసుపూ రాస్తాను" అంటూ కుళాయి దగ్గరికి నడిచింది.

నేను పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, నీళ్ళు తగలనీకు! అది కూరకి కాదు, ఎరకి."

అమ్మ నా మొహం వంక చూసింది. కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. "జన ఎరకా?" అని మెల్లగా అడిగి, పొట్లం మళ్ళీ చుట్టి నా చేతిలో పెట్టి, టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

మాది నరసాపురం. మా వైపు చేప కడుపులో జన దొరికితే అది ఇంట్లో చిన్నపిల్లలకో, కడుపుతో ఉన్నవాళ్ళకో ముందు వడ్డిస్తారు. కొందరు శన అంటారు, మేం జన అంటాం. పులస కొనేటప్పుడు కూడా జన ఉన్న చేపా, పోతు చేపా అని పొట్ట నొక్కి చూసి బేరమాడతారు. అలాంటి ఇంట్లో పుట్టి, కిలో జన తీసుకెళ్ళి మళ్ళీ ఏట్లో వేస్తానంటే అమ్మ మనసు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియకే నాలుగు రోజులు దాచాను.

నేను అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని హిల్స్‌బరోలో ఉంటాను. ఇక్కడికి పడమరగా హైవే 6 పట్టుకుని కొండలు దాటితే గంటన్నర లోపే టిల్లమూక్. చీజ్ పేరు మీద అందరికీ తెలిసిన ఊరు. నాకు మాత్రం అది ఏళ్ళ ఊరు. టిల్లమూక్, ట్రాస్క్, విల్సన్, కిల్చిస్, మయామి అని అయిదు ఏళ్ళు వచ్చి ఒకే అఖాతంలో కలుస్తాయి. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా సముద్రంలోంచి చినూక్ సాల్మన్లు గుడ్లు పెట్టడానికి ఆ ఏళ్ళలోకి ఎక్కుతాయి. మొదటిసారి ట్రాస్క్ ఒడ్డున నిలబడ్డప్పుడు పోటు ఎక్కుతోంది. ఏరు వెనక్కి పారుతున్నట్టుగా ఉంది. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి అచ్చంగా అలాగే ఉంటుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వారమే లైసెన్సు, పట్టిన చేపల్ని నమోదు చేసే సాల్మన్ ట్యాగ్ కొనుక్కున్నాను.

చేప జనని ఎరగా ఎలా తయారుచేస్తావని ఇక్కడి మనవాళ్ళు నలుగురైదుగురు అడిగారు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతున్నారు. అందుకే రాస్తున్నాను.

నాకు నేర్పింది మా పక్కింటి పెద్దాయన. కలప మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. అరవై ఏళ్ళుగా ఈ ఏళ్ళలో గాలం వేస్తున్న మనిషి. నాలుగేళ్ళ కింద నేను మొదటి ఆడ చినూక్ పట్టి ఇంటికి తెచ్చినప్పుడు, అమ్మ ఇప్పుడు చేయబోయిన పనే నేనూ చేశాను. జన తీసి, కుళాయి కింద శుభ్రంగా కడిగాను. మనకి చేతులు వాటంతటవే ఆ పని చేస్తాయి. కాసేపటికి నారింజ రంగులో మెరుస్తున్న గుడ్లు తెల్లబారి, మసకేసి, పైతోలు గట్టిపడిపోయాయి. ఎర నిలవుండటానికి వేసే పొడి ఎంత వేసినా పట్టలేదు. పెద్దాయన వచ్చి చూసి, ఏమీ అనకుండా, పక్కన కూర్చుని మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. సాల్మన్ గుడ్డు మంచినీళ్ళ కోసమే ఎదురుచూస్తూ ఉంటుందట. ఏట్లో పడగానే నీళ్ళు పీల్చుకుని పైపొర గట్టిపరుచుకోవడం దాని స్వభావం. పిల్లని కాపాడుకోవడానికి దేవుడిచ్చిన ఏర్పాటు అది. మనం కుళాయి తిప్పితే అది తన పని తాను చేసుకుపోతుంది.

అందుకని మొదటి సంగతి, జనకి నీళ్ళు తగలకూడదు. రెండో సంగతి, నెత్తురు ఉండకూడదు.

నెత్తురు సంగతి ఒడ్డునే తేలిపోవాలి. చేప పడగానే తల మీద ఒక్క దెబ్బతో చంపి, వెంటనే మొప్పలు కోసి, తాడు కట్టి తలకిందులుగా నీళ్ళలో వదిలేస్తాను. పది నిమిషాల్లో ఒంట్లో నెత్తురంతా వెళ్ళిపోతుంది. అలా చేయకపోతే నెత్తురు జనలో నరాల్లో ఉండిపోయి, నల్లగా మారి, రెండు రోజులకే వాసన పట్టుకుంటుంది. మాంసానికీ అదే మంచిది. చేప పులుసు రుచి కూడా సగం ఇక్కడే తేలుతుంది.

తరవాత పొట్ట కోసి, రెండు జన సంచుల్నీ చిరగకుండా తీసి పేపర్ టవల్‌లో చుట్టి, ఐస్ మీద పెట్టాలి. ఐస్ కరిగిన నీళ్ళు కూడా తగలకుండా సంచిలో వేసి పెట్టాలి. ఈ సంచిని ఇక్కడివాళ్ళు స్కీన్ అంటారు. అరచెయ్యి కన్నా పొడుగ్గా, ఒక పక్క పల్చటి పొరతో, రెండో పక్క గుడ్లు గుత్తులు గుత్తులుగా కనబడుతూ ఉంటుంది. పులస జన గుడ్డు బొంబాయి రవ్వంత. ఒక్క చేపలో లక్షల గుడ్లుంటాయి. చినూక్ గుడ్డు బఠాణీ గింజంత ఉంటుంది, చేపకి నాలుగైదు వేలు. ఎర కట్టడానికి పనికొచ్చేది ఈ పెద్ద గుడ్డే. సీజన్ ముదిరేకొద్దీ గుడ్లు పొరలోంచి ఊడిపోయి విడివిడిగా అయిపోతాయి. అప్పుడు గాలానికి నిలవవు. పొర గట్టిగా ఉండి, గుడ్లు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉన్న దశలోనే తీసుకోవాలి.

ఆ రోజు సాయంత్రం గ్యారేజీలో బల్ల మీద పాత పేపర్లు పరిచి పొట్లం విప్పాను. అమ్మ శాలువా కప్పుకుని వచ్చి పక్కన కుర్చీలో కూర్చుంది. చూడాలని వచ్చిందో, నన్ను ఆపాలని వచ్చిందో తెలియలేదు.

జన సంచి పొర మీద పొడుగునా ఒక నరం ఉంటుంది. దాంట్లోంచి సన్న నరాలు అటూ ఇటూ ఆకు ఈనెల్లా పాకుతాయి. మొప్పలు కోసినా అందులో కొంచెం నెత్తురు మిగులుతుంది. చాకు మొనతో ఆ పెద్ద నరాన్ని ఒక చివర చిన్నగా గుచ్చి, చెంచా వీపుతో రెండో చివర నుంచి మెల్లగా తోసుకుంటూ రావాలి. గట్టిగా నొక్కితే గుడ్లు చితుకుతాయి. మెత్తగా, బొద్దింక మీసం తగిలినంత మెత్తగా తోస్తే నెత్తురు సన్న దారంలా కదిలి, గుచ్చిన చోట ఒక చుక్కగా వచ్చి నిలుస్తుంది. దాన్ని టవల్‌తో అద్దాలి. మళ్ళీ తోయాలి. నరం ఎర్రగా ఉన్నది గాజులా తెల్లబడుతుంది. ఒక్కో సంచికి నాకు పావుగంట పడుతుంది. ఈ పని తొందరపడి చేసినవాళ్ళ జాడీ ఏదీ బాగుండగా నేను చూడలేదు. ఏ కంపెనీ పొడి కలిపారు, ఏ రంగు వేశారు అని చర్చలు పెట్టుకుంటారు గానీ, నా అనుభవంలో మంచి ఎరకి ముప్పావు వంతు ఈ చెంచా పనే.

అమ్మ కాసేపు చూసి, "ఆ రెండోది ఇటివ్వు" అంది. గ్లవ్స్ తొడిగి చెంచా ఇచ్చాను. రొయ్యలకి నల్ల నరం తీసిన చేతులు కదా, నాకన్నా ముందే పూర్తిచేసింది.

గ్లవ్స్ ఎందుకంటే, చేతులకి రంగు అంటుకుంటుందని మాత్రమే కాదు. సాల్మన్‌కి ముక్కే ప్రాణం. పుట్టిన ఏటి నీళ్ళ వాసన గుర్తుపెట్టుకుని సముద్రంలోంచి వెనక్కి వచ్చే చేప అది. మనిషి చర్మంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఎలుగుబంట్లకీ, సీల్స్‌కీ కూడా ఉంటుంది. ఆ వాసన నీళ్ళలో తగిలితే సాల్మన్లు బెదురుతాయని 1950ల్లో బ్రిటిష్ కొలంబియా శాస్త్రవేత్తలు గమనించారు. పచ్చళ్ళు పెట్టేటప్పుడు చేతులు కడిగి తుడుచుకున్నాక మరోటి ముట్టుకోనివ్వదు మా అమ్మ. అలాంటి మనిషికి ఈ నియమం వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఇక పొడి. నేను ఇంట్లోనే కలుపుకుంటాను. ఒక కప్పు బోరాక్స్, అరకప్పు అయోడిన్ లేని ఉప్పు, అరకప్పు పంచదార, రంగు కోసం ఒక పొట్లం చెర్రీ జెలటిన్ పొడి. అంతే. ఇక్కడ ముసలివాళ్ళందరి దగ్గరా ఉండే లెక్కే ఇది, కొంచెం అటూ ఇటూగా.

బోరాక్స్ డబ్బా చూసి అమ్మ, "ఇదేం సున్నం?" అంది. ఇక్కడ సూపర్‌మార్కెట్లో బట్టల సబ్బుల పక్కన దొరుకుతుంది. డబ్బా మీద కంచరగాడిదల బండి బొమ్మ ఉంటుంది. 1883 నుంచి 1889 దాకా కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ ఎడారిలోంచి ఇరవై జంతువులు కట్టిన బండ్ల మీద దీన్ని మోసుకొచ్చారు, ఆ గుర్తు అది. తెలుగులో దీన్ని ఏమంటారో నాకే చాలాకాలం తట్టలేదు. ఫోన్లో వెతికి చూపించాను. అమ్మ ఒక్కసారిగా నవ్వింది. "వెలిగారమా! మన వీధి చివర కంసాలి తాత దగ్గర ఉండేది కాదూ? నీ చెవిపోగులు అతికించడానికి అదే వేశాడు."

నిజమే. బంగారం అతికేటప్పుడు కంసాలి వేసే వెలిగారమే ఇది. గొట్టంతో ఊదుతుంటే తెల్లటి పొడి పొంగి, కరిగి, గాజు పూసలా మెరిసేది. పూర్వం ఆ వెలిగారం టిబెట్ సరస్సుల నుంచి మన దేశానికి వచ్చేదట. నరసాపురంలో కంసాలి కుంపటి ముందు నేను కూర్చుని చూసిన పొడే ఇప్పుడు ఒరెగాన్‌లో నా బల్ల మీద ఉంది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ నాకు ఆ డబ్బా మీద అభిమానం పెరిగింది. మా ఇంట్లో ఇప్పుడు దాన్ని ఎవరూ బోరాక్స్ అనరు.

వెలిగారం గుడ్డు పైతోలుని బిగిస్తుంది, కుళ్ళనివ్వదు. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. పంచదార గుడ్డుని మరీ రాయి కాకుండా మెత్తగా ఉంచుతుంది. అయితే వెలిగారం కడుపులోకి వెళ్ళకూడని వస్తువు. ఈ పని వంటింట్లో చేయకండి. దీనికి వాడిన గిన్నెలు, చెంచాలు మళ్ళీ వంటకి వాడకండి. పొడి కలిపేటప్పుడు మొహం మీదికి లేవకుండా చూసుకోండి.

జన సంచిని పొర వైపు కిందికి పెట్టి, కత్తెరతో ముక్కలు చేయాలి. చాకుతో కోస్తే గుడ్లు చితుకుతాయి. ప్రతి ముక్కకీ కొంచెమైనా పొర ఉండాలి, దాన్ని పట్టుకునే గుడ్లన్నీ నిలుస్తాయి. నేను పెద్ద ఉసిరికాయంత ముక్కలు చేస్తాను. పొడి చల్లి, గుడ్ల మడతల్లోకి కూడా వెళ్ళేటట్టు వేళ్ళతో విప్పి చల్లి, గాజు జాడీలో వేసి మూత పెట్టాలి. మొదటి రెండు మూడు గంటలు బయటే ఉంచి, తరవాత చల్లటి చోట పెట్టాలి.

ఇప్పుడు జరిగేదే అసలు విషయం. గంట గడిచేసరికి జాడీ అడుగున ఎర్రటి రసం చేరడం మొదలవుతుంది. గుడ్లు సొట్టలు పడి, ఎండుద్రాక్షల్లా ముడుచుకుపోతాయి. మొదటి ఏడాది కడిగి పాడుచేసుకున్నాను కదా, రెండో ఏడాది ఈ రసం చూసి పాడైపోతోందని టెన్షన్ పడి మొత్తం వంపేశాను. మిగిలినవి తోలు ముక్కల్లా అయ్యాయి. ఆ సీజన్ అంతా ఒక్క చేప వాటి వంక చూడలేదు.

ఆ రాత్రి తొమ్మిదింటికి అమ్మ జాడీ ఎత్తి దీపానికి అడ్డం పట్టి చూసింది. "ఊట బాగానే వచ్చిందే" అంది.

నాలుగేళ్ళలో నాకు తట్టని మాట అది. అది ఊటే! మాగాయకి మామిడి ముక్కలు ఉప్పులో వేస్తే మూడు రోజులు ఊట దిగుతుంది. ముక్కలు పిండి ఎండబెట్టి మళ్ళీ ఆ ఊటలోనే వేస్తాం. ముక్కకి రుచి అప్పుడే పడుతుంది. ఊట పారబోసి మాగాయ పెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? జన కూడా అంతే. ఉప్పు లాగిన రసం జాడీలోనే ఉంటే, పొడి అందులో కరిగి, ఉప్పూ తీపీ రంగూ కలిసిన ఆ ఊటని గుడ్లు ఒక రోజులో తిరిగి తాగేస్తాయి. సొట్టలు పూడి, మళ్ళీ నిండుగా ఉబ్బుతాయి. అందుకు గంట గంటకీ జాడీ బోర్లించి, తిరగేసి పెట్టాలి. పైనున్నవి కిందికి, కిందివి పైకి. తిరగకలపడమన్నమాట. పక్కింటి పెద్దాయన ఇదంతా నాకు ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పాడు. నేను తలాడించాను. అమ్మ ఒక్క మాట అంటే గానీ నాకు పూర్తిగా బుర్రకెక్కలేదు.

అమ్మకి ఇంకా నిద్ర ఇక్కడి టైముకి తిరగలేదు. ఒంటి గంటకి ఒకసారి, రెండున్నరకి ఒకసారి గ్యారేజీ తలుపు చప్పుడైంది. నాలుగింటికి నేను లేచి వెళ్ళి చూస్తే, అమ్మ స్వెట్టరు మీద శాలువా కప్పుకుని, జాడీని రెండు చేతులతో పట్టుకుని, చంటిపిల్లని అటునుంచి ఇటు తిప్పి పడుకోబెట్టినట్టు తిప్పుతోంది. "ఊట తగ్గుతోందే, చూడు. ఇందాక ఇంత ఉంది, ఇప్పుడింత" అని వేలితో గాజు మీద గీత చూపించింది. ఇద్దరం అక్కడే బల్ల దగ్గర కూర్చుని, తెల్లారేదాకా పులస రోజుల గురించి మాట్లాడుకున్నాం. ఎర్ర నీళ్ళు దిగాయంటే చాలు, నాన్న పొద్దున్నే రేవుకి వెళ్ళడం, సముద్రంలో ఇలస అనిపించుకున్న చేపే గోదాట్లోకి రాగానే పులస అయిపోవడం, ఒక్క చేప కొని మూడిళ్ళవాళ్ళు పంచుకోవడం. ఇక్కడ కూడా వానలు పడి ఏళ్ళు కాస్త రంగు మారితేనే చినూక్‌లు పైకి కదులుతాయని చెప్పాను. "మరైతే ఇదీ పులసలాంటిదే" అంది. తేడా ఒకటుందమ్మా అన్నాను. పులస గుడ్లు పెట్టి మళ్ళీ సముద్రానికి వెళ్ళగలదు. చినూక్ వెళ్ళదు. గుడ్లు పెట్టాక ఆ ఏట్లోనే చచ్చిపోతుంది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

"మరి గుడ్లు పెట్టడానికి వచ్చిన చేప, గుడ్లెందుకు తింటుందే?" అని తరవాత అడిగింది.

మంచి ప్రశ్న. ఏట్లోకి ఎక్కిన చినూక్ మేత మానేస్తుంది. పొట్ట, పేగులు ముడుచుకుపోతాయి. అయినా జన ఎదురైతే నోటితో అందుకుంటుంది. చిన్నప్పుడు ఏట్లో తిన్న గుడ్ల జ్ఞాపకం అని కొందరంటారు, వేరే చేప గుడ్లని చూసి అసూయతో నొక్కేస్తుందని కొందరంటారు. పెద్దాయన మాత్రం, "అది తినడానికి కాదు, చూడటానికి పట్టుకుంటుంది. దానికి చేతుల్లేవు కదా" అన్నాడు. నాకు అదే నచ్చింది.

రోజు గడిచాక ఊట దాదాపు అంతా లోపలికి వెళ్ళిపోయింది. ముక్కల్ని తీసి వైరు జాలీ మీద పరిచి, నీడలో ఆరబెట్టాం. ఎంత ఆరబెట్టాలనేది ఎక్కడ వాడతామన్న దాన్నిబట్టి. పైన రాళ్ళ మీద పరుగెత్తే నీళ్ళలోనైతే ఎక్కువ ఆరి, తోలు కాస్త గట్టిపడ్డవి కావాలి, లేకపోతే విసిరే విసురుకే ఊడిపోతాయి. నేను వెళ్ళేది పోటు నీళ్ళలోకి. అక్కడ ప్రవాహం నెమ్మది. గుడ్లు రసంతో నిండి ఉండి, నీళ్ళలో పడగానే పాలలా వదలాలి. అందుకే ముట్టుకుంటే వేలికి అంటుకునేంత వరకే ఆరబెడతాను, రెండు మూడు గంటలు. ఆ తరవాత ఒక్కో ముక్కనీ పొడి వెలిగారంలో దొర్లించి, జాడీల్లో సర్దడమే. ఫ్రిజ్‌లో కొన్ని వారాలు ఉంటాయి, ఫ్రీజర్‌లో వచ్చే సీజన్ దాకా ఆగుతాయి.

బజారులో రెడీమేడ్ పొడులు దొరుకుతుంటే ఇంత శ్రమెందుకని అడుగుతారు. వాటిలో చాలావాటిలో సోడియం సల్ఫైట్ ఉంటుంది. రంగు నిలుస్తుంది, చేప కూడా బాగా పడుతుందంటారు, అబద్ధం కాదు. కానీ 2000ల చివర్లో ఒరెగాన్‌లో శాస్త్రవేత్తలు ఒక విషయం పట్టుకున్నారు. మనం వేసిన ఎర ఊడిపోతే దాన్ని ఏట్లో ఉండే సాల్మన్ పిల్లలు తింటాయి. సల్ఫైట్ పట్టించిన గుడ్లు తిన్న పిల్లల్లో కొన్ని చచ్చిపోయాయి. కారణం ఆ సల్ఫైటేనని తేల్చాక, రాష్ట్ర మత్స్యశాఖ తయారీదారులతో మాట్లాడి పాళ్ళు మార్పించింది. ఇప్పుడు అమ్మేవి మునుపటంత ఘాటు కాదు. అయినా నాకు మనసొప్పదు. తల్లి చేప కోసం వేసిన ఎర పిల్ల చేపని చంపితే, ఆ చేప ఎంత పెద్దదైతే మాత్రం ఏం సంతోషం? పైగా మా చిన్నవాడికి ఉబ్బసం ఉంది. సల్ఫైట్లు అలాంటివాళ్ళలో కొందరికి పడవు. అందుకే ఉప్పు, వెలిగారం, పంచదారతోనే ఆగాను. మిగిలిపోయిన ఎర కూడా నేను ఏట్లో పారబోయను, సంచిలో కట్టి ఇంటికి తెచ్చి చెత్తలో వేస్తాను.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి. జన కోసం చేప పొట్ట కోసుకుని, చేపని ఒడ్డున పడేసి పోయేవాళ్ళని నేను కళ్ళారా చూశాను. ఇక్కడ చట్టప్రకారం అది నేరం. చట్టం లేకపోయినా నేరమే. అలా పడి ఉన్న ఒక పెద్ద చేప చుట్టూ కాకులు చేరడం చూసిన రోజు నేను గాలం తీయకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆ శనివారం అమ్మని ట్రాస్క్‌కి తీసుకెళ్ళాను. అంతకుముందు ఇంట్లో ఒక పూట జన వేపుడు కూడా అయింది. వెలిగారం తగలని చిన్న ముక్క ముందే తీసి దాచింది అమ్మ. పసుపు, ఉప్పు, మిరియాల పొడి, కరివేపాకు, అన్నీ వేసి మనసుపెట్టి వేపింది. వేడికి సాల్మన్ గుడ్లు తెల్లబడి, గట్టిపడి, నోట్లో ఉడకని బఠాణీల్లా తగిలాయి. అమ్మ నాలుగు నమిలి, కంచం పక్కకి జరిపింది. "సరే, దీన్ని చేపకే పెట్టు" అంది. ఆ మాట కోసం నేను వారం నుంచి కాచుకుని ఉన్నాను.

ఏటి ఒడ్డున మంచు పొగ ఇంకా లేవలేదు. మడత కుర్చీ వేసి అమ్మని కూర్చోబెట్టి, ఫ్లాస్కు పక్కన పెట్టాను. గాలానికి జన కట్టడానికి ఒక ముడి ఉంది. దారం గాలం కాడకి చుట్టి, మధ్యలో ఒక చిన్న ఉచ్చులా వదులయ్యేటట్టు కట్టాలి. ఆ ఉచ్చులో జన ముక్క పొరని పెట్టి దారం లాగితే, ముక్క నలగకుండా బిగుస్తుంది. ఈ ముడి నేర్చుకోవడానికి నాకు రెండు వారాంతాలు పట్టింది. అమ్మ ఒకసారి చూసి, రెండోసారికి కట్టేసింది. రోజూ సాయంత్రం మల్లెలు కట్టిన వేళ్ళు. "పువ్వు కాడ నలగకుండా ముడెయ్యడమే కదే" అంది. ఆ రోజు నా గాలాలన్నిటికీ ముళ్ళు అమ్మే వేసింది.

మేం వాడేది బెండు గాలమే. చిన్నప్పుడు కాలవలో నాన్న జీలుగు బెండు కట్టి వానపాము గుచ్చి వేసినట్టే, ఇక్కడ ప్లాస్టిక్ బెండు, కింద సీసం గుండు, దానికింద జన. పోటు పూర్తిగా ఎక్కి నీళ్ళు నిలబడిపోయే పావుగంట చాలా ముఖ్యం. బెండు అద్దంలాంటి నీళ్ళ మీద కదలకుండా నిలబడింది. దాని చుట్టూ కిందినుంచి ఎర్రటి పాలు పైకి తేలుతున్నట్టు లీలగా కనబడింది. అమ్మ కుర్చీలోంచి ముందుకి వంగింది.

బెండు ఒకసారి తల ఊపింది. ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను. పెద్దాయన ఎప్పుడూ చెప్పేది ఒకటే, ఊపినప్పుడు లాగకు, మునిగినప్పుడు లాగు. మళ్ళీ ఊపింది. అప్పుడు అమ్మ, "మునిగిందే!" అని అరిచింది. బెండు లేదు. కర్ర ఎత్తాను. అవతలి పక్క నుంచి ఏరే లాగినట్టుంది.

ఇరవై నిమిషాలు పట్టింది. ఒడ్డున నిలబడ్డవాళ్ళంతా తమ గాలాలు పైకి తీసేసి దారి ఇచ్చారు. వలలోకి వచ్చాక చూస్తే వెండి రంగు ఇంకా వదలని చేప, ఎనిమిది కిలోలకి పైమాటే. ట్యాగ్‌లో వెంటనే నమోదు చేసి, మొప్పలు కోసి, తాడు కట్టి నీళ్ళలోకి వదిలాను. అమ్మ గట్టు దిగి వచ్చి, వంగి, పొట్ట మీద బొటనవేలితో మెల్లగా నొక్కింది. నరసాపురం రేవులో నొక్కినట్టే.

"జన చేపే" అంది.

ఇంటికి వచ్చాక రెండు పనులూ ఒకేసారి నడిచాయి. వంటింట్లో తలకాయ, నడిమి ముక్కలతో చింతపండు పులుసు, బెండకాయలూ మెంతులూ వేసి, గోదావరి వైపు పెట్టినట్టు. గ్యారేజీలో చెంచా, కత్తెర, వెలిగారం. పులుసు రాత్రి పెట్టి మర్నాడు తిన్నాం. పక్కింటి పెద్దాయనకి ఒక గిన్నెడు పంపితే, ఆ సాయంత్రం ఖాళీ గిన్నెతో వచ్చి, ఇంకా ఉందా అని అడిగాడు.

అమ్మ మొన్న డిసెంబర్లో వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు రోజు ఫ్రీజర్ సర్దుతూ నన్ను పిలిచింది. జనకి చెర్రీ రంగు పట్టి, గాజులోంచి చూస్తే దానిమ్మ గింజల జామ్‌లా మెరుస్తుంది. పిల్లలు పొరబడతారని భయం. మూడు జాడీలకీ తెల్ల టేపు అంటించి, దాని మీద పెన్నుతో పెద్ద అక్షరాలు రాసింది. మా పిల్లలకి తెలుగు చదవడం ఇంకా పూర్తిగా రాదు. చిన్నవాడు కూడబలుక్కుని పైకి చదివేదాకా పక్కనే నిలబడింది. ఇప్పటికీ ఫ్రీజర్ తలుపు తీస్తే ముందు ఆ గుండ్రటి దస్తూరీయే కనబడుతుంది.

"చేపలకి. మనకి కాదు."